4 టీబీ డిస్క్ 1.8 ఎందుకయింది? పెద్ద పార్టిషన్ల లెక్క తప్పేదెక్కడ

పెళ్ళిళ్ళ సీజన్ అయిపోయేసరికి కోనసీమలో ఏ ఫోటో స్టూడియోలోకి వెళ్ళినా హార్డ్ డిస్కులు ఇటుకల్లా పేర్చి కనిపిస్తాయి. అమలాపురంలో పెళ్ళి, రాజోలులో ఓణీల ఫంక్షన్, మధ్యలో ఎవరిదో గృహప్రవేశం. వీడియో 4కేలోకి మారిన దగ్గర్నుంచి ఒక్కో ఫంక్షన్ వందల జీబీ మింగేస్తోంది. భీమవరం వైపు రొయ్యల చెరువు గట్ల మీద, తణుకు వైపు రైస్ మిల్లుల్లో పెట్టే సీసీ కెమెరాల సంగతీ అంతే. ఇంత సరుకు దాచడానికి మూలనపడ్డ కంప్యూటర్‌కి లినక్స్ ఎక్కించి, 4 టీబీ డిస్క్ తగిలించి, దాన్నే సర్వర్‌గా వాడుకోవడం చవకైన ఏర్పాటు, మంచి ఏర్పాటు కూడా. చిక్కల్లా ఆ డిస్క్ ఒకరోజు 1.8 టీబీ అని చూపించినప్పుడో, అసలు పార్టిషనే (డిస్క్‌లో గీసుకున్న భాగం) లేదన్నప్పుడో మొదలవుతుంది.

అప్పుడు మొదట వచ్చే తీర్పు "డిస్క్ పోయింది" అని. ఆ వెంటనే వచ్చే సలహా "ఫార్మాట్ కొట్టేద్దాం" అని. తీర్పు చాలాసార్లు తప్పు. సలహా పాటిస్తే ఆ తప్పే నిజమైపోతుంది.

పెద్ద డిస్కుల గొడవల్లో చాలా వాటికి డిస్క్ పాడవడం కారణం కాదు. 'ఈ డిస్క్ ఎంత, ఇందులో ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది' అన్న లెక్క ఒకేచోట రాసి ఉండకపోవడం కారణం. డిస్క్ తన లోపలి ప్రోగ్రామ్ అయిన ఫర్మ్‌వేర్‌లోంచి ఒక అంకె చెబుతుంది. యూఎస్‌బీ డబ్బాలో పెట్టి ఉంటే, ఆ డబ్బాలోని చిప్ దాన్ని విని లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌కి తన మాటగా చెబుతుంది. పార్టిషన్ల హద్దులు రాసి ఉండే పార్టిషన్ టేబుల్‌లో ఇంకో అంకె ఉంటుంది. పార్టిషన్‌లో ఫైళ్ళని సర్దే ఫైల్‌సిస్టమ్ తన సూపర్‌బ్లాక్‌లో, అంటే తన వివరాల పట్టీలో, రాసుకున్నది మరొకటి. నాలుగూ ఒప్పినంతకాలం ఎవరికీ ఏమీ తెలియదు. ఏ రెండు ఒప్పకపోయినా తగాదా.

డెల్టాలో పొలం ఉన్నవాళ్ళకి ఈ తగాదా కొత్తేమీ కాదు. నేల మీద గట్టు ఒకచోట, సర్వే రాయి ఇంకోచోట, అడంగల్‌లో విస్తీర్ణం మరోలా ఉంటే ఏం జరుగుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు. అడంగల్ కాగితం చిరిగినంత మాత్రాన పొలం మాయం కాదు. పార్టిషన్ టేబుల్ చెరిగినా ఫైళ్ళు ఉన్నచోటే ఉంటాయి. కాబట్టి రిపేరు అంటే ముందు ఏ రెండు కాగితాలు ఒప్పడం లేదో పట్టుకోవడం. అది తేలేదాకా ఆ డిస్క్ మీద ఒక్క బైట్ కూడా రాయకూడదు.

1.8 అనే అంకె ఊరికే రాదు. 4 టీబీ డిస్క్‌లో 512 బైట్ల సెక్టార్లు (డిస్క్ లెక్కపెట్టే చిన్న గళ్ళు) 781 కోట్ల 40 లక్షల 37 వేల 168 ఉంటాయి. 32 బిట్లలో పట్టే లెక్క 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 దగ్గర నిండిపోతుంది. అంతకు మించినదాన్ని 32 బిట్ల డబ్బాలో కుక్కితే, పాత స్కూటర్ మీటర్ 99,999 దాటి మళ్ళీ సున్నా నుంచి తిరిగినట్టు, మిగిలిన 351 కోట్ల చిల్లరే కనిపిస్తుంది. దాన్ని 512తో గుణిస్తే 1.8 టీబీ. లినక్స్‌లో డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండు బైనరీ లెక్కలో (వెయ్యికి బదులు 1024తో) చూపిస్తుంది కాబట్టి అక్కడ 1.6 అని పడుతుంది. ఇదే లెక్కన 3 టీబీ డిస్క్ 801 జీబీగా, బైనరీలో 746గా కనిపిస్తుంది. ఈ అంకెలు గుర్తుపెట్టుకోదగ్గవి. ఇవి కనిపించాయంటే దోషి డిస్క్ కాదు, పార్టిషన్ టేబుల్ కూడా కాదు. మధ్యలో ఉన్న యూఎస్‌బీ చిప్పో, పాత కంట్రోలరో 32 బిట్ల దగ్గర ఆగిపోయింది.

డిస్క్ పూర్తి సైజు సరిగ్గానే కనిపిస్తూ, పార్టిషన్ మాత్రం 2.2 టీబీ దాటనని మొండికేస్తే అది వేరే కథ. అక్కడ దోషి ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ టేబుల్. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన పద్ధతి అది. డిస్క్ మొదటి సెక్టార్‌లోనే 64 బైట్లలో నాలుగు పార్టిషన్ల వివరాలు సర్దుతుంది, ఒక్కోదానికి 16 బైట్లు. మొదలూ పొడవూ రెండూ 32 బిట్ల అంకెలే. అప్పటి డిస్కులు పది మెగాబైట్ల దగ్గర ఉండేవి కాబట్టి రెండు టెరాబైట్లంటే వాళ్ళకి సముద్రమే. సెక్టార్ 512 బైట్లు అయినంతకాలం ఈ హద్దు కదలదు. దీనికి మందు జీపీటీ టేబుల్. అందులో అంకెలు 64 బిట్లవి, మామూలుగా 128 పార్టిషన్లకు చోటు ఉంటుంది.

పాత కంప్యూటర్లో పాత పద్ధతి బయోస్‌తో బూట్ చేస్తూ జీపీటీ డిస్క్ మీదే లినక్స్ ఎక్కిస్తే, లినక్స్‌ని మొదలుపెట్టే గ్రబ్ ఇన్‌స్టాల్ అవనని పేచీ పెట్టవచ్చు. దానికి 1 ఎంబీ 'బయోస్ బూట్' పార్టిషన్ ఒకటి కావాలి. డేటా డిస్క్‌కి ఆ బాధ లేదు.

మళ్ళీ ఆ మధ్యవర్తి చిప్ దగ్గరికి రావాలి, ఎందుకంటే అసలు నష్టం అక్కడే జరుగుతుంది. తక్కువ సైజు చూపించే చిప్ నయం, మోసం మొదటిరోజే బయటపడుతుంది. సైజు సరిగ్గా చెప్పి, రాసేటప్పుడు మాత్రం పై బిట్లు వదిలేసేది ఘోరం. డిస్క్ సగం నిండేదాకా అంతా బాగానే ఉంటుంది. 2.2 టీబీ దాటి రాసిన మొదటి ఫైలు, మీటర్ సున్నాకి తిరిగినట్టే, డిస్క్ మొదటికొచ్చి పార్టిషన్ టేబుల్ మీద పడుతుంది. నెలల తరబడి పనిచేసిన డిస్క్ ఓ పూట ఖాళీగా కనిపించడానికి ఇదొక కారణం. ఒకప్పుడు 28 బిట్ల అడ్రసుల రోజుల్లో 137 జీబీ దగ్గర సరిగ్గా ఇదే ప్రమాదం ఉండేది. గీత జరిగింది తప్ప కథ మారలేదు. పాత డబ్బాలో కొత్త పెద్ద డిస్క్ పెట్టేటప్పుడు, ఇంకా ఏ ఫైలూ ఎక్కించకముందే, 2.2 టీబీ గీత దాటగానే వచ్చే సెక్టార్లలో (429,49,67,296 నుంచి) ఏదో ఒకటి రాసి, మొదట్లో ఏమైనా మారిందేమో చూసుకోవడం పావుగంట పని. ఖాళీ డిస్క్ మీద మాత్రమే చేయాల్సిన పని అని వేరే చెప్పనక్కర్లేదనుకుంటే పొరపాటు, చెప్పాల్సిందే.

కెర్నల్ సందేశాలు చూపే డీమెస్గ్ కమాండు చూసే అలవాటున్నవాళ్ళని ఒక వాక్యం భయపెడుతుంది: 'వెరీ బిగ్ డివైస్. ట్రైయింగ్ టు యూజ్ రీడ్ కెపాసిటీ 16'. అది లోపం కాదు, శుభవార్త. పాత ప్రశ్నకి 32 బిట్ల జవాబే వస్తుంది కాబట్టి కెర్నల్ పెద్ద ప్రశ్న అడుగుతోందని అర్థం.

ఇదే చిప్ చేసే ఇంకో మాయ ఉంది, స్టూడియోల్లో ఎక్కువ కంగారు పుట్టించేది. ఎంబీఆర్ హద్దు దాటడానికి కొన్ని యూఎస్‌బీ డబ్బాలు 512 బైట్ల సెక్టార్లు ఎనిమిదిటిని కలిపి 4096 బైట్ల సెక్టార్ ఒకటిగా చూపిస్తాయి. అప్పుడు 4 టీబీ డిస్క్‌లో సెక్టార్లు 97 కోట్ల 67 లక్షల చిల్లరే. 32 బిట్లలో హాయిగా పడుతుంది. డబ్బాలో ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. అడాప్టర్ కాలిపోయిందనో, కేబుల్ లూజ్ అయిందనో డిస్క్‌ని బయటికి తీసి నేరుగా కంప్యూటర్ లోపలి సాటా కేబుల్‌కి తగిలిస్తారు. అంతే, పార్టిషన్లు కనబడవు, లేదా అర్థంలేని చోట కనబడతాయి. కొలతకర్ర మారింది, కాగితం మీది అంకెలు మారలేదు. పార్టిషన్ 256వ సెక్టార్ దగ్గర మొదలవుతుందని పాత టేబుల్ చెబుతుంది. 4096 లెక్కన అది సరిగ్గా 1 ఎంబీ దూరం. కొత్త కర్రతో 256 అంటే 128 కేబీ దగ్గర వెతుకుతుంది, అక్కడేమీ ఉండదు. 256ని 8తో గుణిస్తే 2048. ఫైల్‌సిస్టమ్ అక్కడ చెక్కుచెదరకుండా కూర్చుని ఉంటుంది. దానిమీద ఏమీ రాయకుండా, లూప్ డివైస్‌కి (డిస్క్‌లో ఒక భాగాన్ని వేరే డిస్క్‌లా చూపే ఏర్పాటు) 10,48,576 బైట్ల ఆఫ్‌సెట్, అంటే మొదలయ్యే దూరం, ఇచ్చి, రీడ్ ఓన్లీగా మౌంట్ చేస్తే (చదవడానికి మాత్రమే తెరిస్తే) ఫైళ్ళన్నీ కనిపిస్తాయి. ఇది తెలియక ఎన్ని పెళ్ళి వీడియోలు ఫార్మాట్ అయిపోయుంటాయో!

జీపీటీలో ఇంకో మంచి ఏర్పాటుంది. టేబుల్ నకలు డిస్క్ చివర కూడా ఉంటుంది, రెండిటికీ చెడిందో లేదో పట్టిచ్చే చెక్‌సమ్ ఉంటుంది. మొదటిది చెడితే జీడిస్క్ లాంటి టూల్ చివరిదాన్ని చదివి మొదటిదాన్ని తిరిగి రాయగలదు. అయితే ఈ నకలు వల్లే ఒక హెచ్చరిక కూడా వస్తుంది. 2 టీబీ డిస్క్‌ని డీడీ కమాండుతో యథాతథంగా 4 టీబీ డిస్క్‌కి కాపీ చేస్తే, ఆ నకలు కొత్త డిస్క్‌లో నడిమధ్యన పడుతుంది. 'డిస్క్‌లో చోటంతా వాడుకోవడం లేదు, సరిచేయమంటారా' అని పార్టిషన్లు గీసే పార్టెడ్ టూల్ అడుగుతుంది. ఇక్కడ సరిచేయమనడంలో ప్రమాదం లేదు. తర్వాత పార్టిషన్ పెంచాలి, ఆ తర్వాత ఫైల్‌సిస్టమ్ పెంచాలి, ఈ వరసలోనే. లినక్స్ ఫైల్‌సిస్టమ్‌లలో ఈఎక్స్‌టీ4ని పెంచడానికి రీసైజ్ 2ఎఫ్ఎస్, ఎక్స్ఎఫ్ఎస్‌కి ఎక్స్ఎఫ్ఎస్ గ్రోఎఫ్ఎస్. తగ్గించాలంటే వరస తిరగబడుతుంది, ముందు ఫైల్‌సిస్టమ్, తర్వాత పార్టిషన్. ఎక్స్ఎఫ్ఎస్‌ని తగ్గించే ఆశే పెట్టుకోకూడదు.

లినక్స్‌కి బదులు ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్ళకి ఇందులో ఒక ప్రత్యేకమైన గోతి ఉంది. ఒకే డేటాని రెండు డిస్కుల్లోనూ ఉంచే జీమిర్రర్‌తో వాటిని జతచేస్తే, అది తన గుర్తు డిస్క్ చివరి సెక్టార్‌లో రాసుకుంటుంది. జీపీటీ నకలు హెడర్ కూర్చునేదీ అదే సెక్టార్‌లో. ఒకే కుర్చీకి ఇద్దరు. పార్టిషన్లు చూపే జీపార్ట్ షో కమాండ్‌లో 'కరప్ట్' అన్న మాట కనబడితే, మామూలుగా జీపార్ట్ రికవర్ సరిపోతుంది కానీ, మిర్రర్ ఉన్నచోట అలా చేస్తే మిర్రర్ గుర్తు పోతుంది. మిర్రర్ డిస్క్ మొత్తానికి కాక ఒక్కో పార్టిషన్‌కి కట్టుకుంటే ఈ కుర్చీలాట ఉండదు.

ఇక నాలుగో కాగితం, ఫైల్‌సిస్టమ్ సూపర్‌బ్లాక్. లంక పొలాల్లో వరద వచ్చి గట్టు కోసుకుపోయి ఎకరం ఏట్లో కలిసినా, రికార్డులో విస్తీర్ణం మాత్రం మొన్నటిదే ఉంటుంది. డిస్క్‌లో సరిగ్గా అలాంటిదే 'బ్యాడ్ జామెట్రీ' అనే మెసేజ్. ఫైల్‌సిస్టమ్ తనకి ఇన్ని బ్లాకులు ఉన్నాయంటుంది, పార్టిషన్‌లో అన్ని లేవు. 'అటెంప్ట్ టు యాక్సెస్ బియాండ్ ఎండ్ ఆఫ్ డివైస్' అనేదీ ఈ కోవదే. ఎవరో పార్టిషన్‌ని తగ్గించి ఫైల్‌సిస్టమ్‌ని మరిచిపోయి ఉండాలి, లేదా చెరిపి మళ్ళీ గీసేటప్పుడు చివరి గీత వెనక్కి పడి ఉండాలి, లేదా కాస్త చిన్న డిస్క్‌కి కాపీ చేసి ఉండాలి. ఈఎక్స్‌టీ4ని పరీక్షించి సరిచేసే ఎఫ్ఎస్‌సీకే కమాండు ఇలాంటప్పుడు రెండు సైజులూ చూపించి, సూపర్‌బ్లాకో పార్టిషన్ టేబులో తప్పు, ఆపేయమంటారా అని అడుగుతుంది. ఆపేయమనడమే సరైన జవాబు. మొదలు సెక్టార్ కదపకుండా పార్టిషన్ చివరని ముందుకు జరపగలిగితే సమస్య అక్కడికక్కడే తీరుతుంది. మొదలే తప్పి ఉంటే 'బ్యాడ్ సూపర్‌బ్లాక్' అంటుంది. అప్పుడు డిస్కంతా వెతికి పాత గీతలు పట్టుకునే టెస్ట్‌డిస్క్ పనికొస్తుంది.

సూపర్‌బ్లాకే చెడిందని ఖాయమైతే, ఈఎక్స్‌టీ4కి దాని నకళ్ళు కూడా ఉంటాయి. 4 కేబీ బ్లాకులైతే మొదటి నకలు 32768వ బ్లాక్‌లో, ఆ తర్వాతది 98304లో. నకళ్ళు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి ఫార్మాట్ చేసే ఎంకేఈ2ఎఫ్ఎస్ కమాండుకి మైనస్ ఎన్ తగిలించి చూడమని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఆ ఒక్క అక్షరం మరిచిపోతే అది చూడదు, ఫార్మాట్ చేసేస్తుంది. అర్ధరాత్రి, టెన్షన్‌లో, నిద్ర కళ్ళతో వాడదగ్గ కమాండు కాదు. పై రెండు అంకెలు కాగితం మీద రాసుకోవడం మేలు.

తగాదా లేకుండానే తగాదాలా కనిపించేవి కొన్ని ఉన్నాయి. 4 టీబీ కొంటే, చోటు లెక్క చూపే డీఎఫ్ కమాండులో 3.6 చూపిస్తుంది. ఇది ధాన్యం బస్తాకీ క్వింటాకీ ఉన్న తేడా లాంటిది. 75 కిలోల బస్తాలు 100 అంటే 75 క్వింటాళ్ళు, గింజ తగ్గలేదు. కంపెనీ వెయ్యితో లెక్కపెట్టింది, డీఎఫ్ 1024తో పెట్టింది. కానీ ఆ 3.6లో వాడుకోవడానికి 3.4 మాత్రమే మిగిలిందంటే అది వేరే కోత. ఈఎక్స్‌టీ4 ఊరకే నూటికి 5 వంతులు రూట్ (సిస్టమ్ యజమాని ఖాతా) కోసం పక్కన పెడుతుంది. సిస్టమ్ డిస్క్‌కి అది అవసరమే. వీడియోలు దాచే 4 టీబీ డిస్క్‌లో మాత్రం 200 జీబీ దండగ. ట్యూన్ 2ఎఫ్ఎస్‌తో దాన్ని ఒక వంతుకి తగ్గించవచ్చు, ఫైళ్ళకి ఏమీ కాదు. ఇంకో 60 జీబీ దాకా ఐనోడ్ (ఒక్కో ఫైలు వివరాలుండే గడి) పట్టికలకి పోతుంది, ఎందుకంటే 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున 24 కోట్ల ఫైళ్ళకి ముందే చోటు కేటాయిస్తుంది. స్టూడియోలో అన్ని ఫైళ్ళు ఎక్కడివి? డిస్క్ కొత్తగా ఉన్నప్పుడే 'లార్జ్‌ఫైల్' పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటే ఆ చోటు మిగిలేది. తర్వాత మార్చడం కుదరదు. ఫ్రీబీఎస్‌డీ ఫైల్‌సిస్టమ్ యూఎఫ్ఎస్ అయితే 8 వంతులు పక్కన పెడుతుంది. ఆ పక్కన పెట్టినదాన్ని రూట్ వాడేస్తే డీఎఫ్‌లో నిండిన శాతం నూరు దాటిపోతుంది, ఖాళీ మైనస్‌లో పడుతుంది. చూడటానికి వింతగా ఉంటుంది కానీ తప్పు కాదు.

సీసీ కెమెరాల డిస్క్‌లో దీనికి తలకిందులైన బాధ ఒకటి. చిన్న చిన్న ఫోటో ముక్కలు కోట్లలో పడి ఐనోడ్లు అయిపోతాయి. డీఎఫ్‌లో చోటు ఉంటుంది, రాయబోతే 'నో స్పేస్' అంటుంది. డీఎఫ్‌కి మైనస్ ఐ తగిలిస్తే గుట్టు తేలుతుంది. ఐనోడ్లూ ఉండి, ఫైళ్ళు చెరిపినా చోటు రాకపోతే, చెరిపిన ఫైలుని ఏదో ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకుని ఉంది. ఎల్ఎస్‌ఓఎఫ్ దాని పేరు చెబుతుంది.

కరెంటు కోతల సంగతికొస్తే, జర్నల్ (చేయబోయే మార్పుల చిట్టా) ఉన్న ఫైల్‌సిస్టమ్‌కి కరెంటు పోయిన ప్రతిసారీ ఎఫ్ఎస్‌సీకే అక్కర్లేదు. మళ్ళీ మౌంట్ చేసినప్పుడు జర్నల్ చదివి తనే సర్దుకుంటుంది. కాపాడేది మాత్రం ఫైల్‌సిస్టమ్ కట్టడాన్నే, ఆ క్షణంలో కాపీ అవుతున్న వీడియోని కాదు. ఎఫ్ఎస్‌సీకే నిజంగా అవసరమైతే, డెల్టాలో వేసవికి కాలువలు కట్టేశాకే పూడిక తీసినట్టు, ముందు అన్‌మౌంట్ చేయాలి. పారుతున్న కాలువలో పలుగు వేస్తే గట్టు తెగుతుంది. మౌంట్ అయి ఉన్న పార్టిషన్ మీద రిపేరు నడిపినా అదే జరుగుతుంది. మొదటి విడత ఎప్పుడూ మైనస్ ఎన్‌తో, అంటే చూడటమే తప్ప ముట్టుకోకుండా. పేజీల కొద్దీ తప్పులు వస్తే ఫైల్‌సిస్టమ్‌ని కాదు, పైన చెప్పిన లెక్కల్ని అనుమానించాలి. తప్పు హద్దులతో మైనస్ వై (అన్నిటికీ సరే) కొట్టడమంటే పక్కవాడి చేను దున్నేయడమే.

ఎక్స్ఎఫ్ఎస్‌కి ఎఫ్ఎస్‌సీకే కొట్టి 'క్షణంలో అయిపోయింది, డిస్క్ బాగుంది' అనుకునేవాళ్ళు ఉన్నారు. ఆ కమాండు అక్కడ ఏమీ చేయదు, సరేనని వెనక్కి వస్తుంది. అసలు పని ఎక్స్ఎఫ్ఎస్ రిపేర్‌ది. లాగ్‌లో, అంటే దాని జర్నల్‌లో, బాకీ ఉంటే అది మొరాయించి, ఒకసారి మౌంట్ చేసి తీయమంటుంది. లాగ్‌ని చెరిపేసే క్యాపిటల్ ఎల్ ఆప్షన్ అన్ని దారులూ మూసుకుపోయాకే.

ఇన్ని కాగితాలూ ఒప్పి కూడా చదవడంలోనే 'ఐఓ ఎర్రర్' వస్తుంటే, అప్పుడు డిస్క్‌ని అనుమానించాలి. అక్కడా మొదట కేబుల్. డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ చూపించే పట్టికలో 199 నంబరు వరస పెరుగుతుంటే తప్పు కేబుల్‌ది, డిస్క్‌ది కాదు. 5, 197, 198 పెరుగుతుంటే డిస్క్ లోపలే సెక్టార్లు పోతున్నాయి. రోహిణి కార్తెలో ఫ్యాన్ కూడా లేని గదిలో, మూత బిగించిన డబ్బాలో నడిచే డిస్క్ వేడి కూడా అందులోనే కనిపిస్తుంది. మామూలు డిస్కులకు చాలావరకు 60 డిగ్రీలే గరిష్ఠమని కంపెనీలే రాస్తాయి.

సెక్టార్లు పోతున్న డిస్క్ మీద ఎఫ్ఎస్‌సీకే నడపడం జ్వరంతో ఉన్నవాడిని వరికోతకి పంపడమే. ముందు పాడైన చోట్లు దాటుకుంటూ చదివే డీడీరెస్క్యూతో వేరే డిస్క్‌కి కాపీ, ఏ రిపేరైనా ఆ కాపీ మీదే. సెకనుకి 150 ఎంబీ లెక్కన 4 టీబీ కాపీకి ఏడున్నర గంటలు, యూఎస్‌బీ 2.0 పోర్టుకి తగిలిస్తే 30 గంటలు దాటుతుంది, కాబట్టి వెనకవైపు నీలం (యూఎస్‌బీ 3.0) పోర్టు ఉందేమో చూసుకోవాలి. ఇన్ని గంటల్లో కరెంటు ఒక్కసారైనా పోకుండా ఉండదు. డీడీరెస్క్యూకి మ్యాప్ ఫైల్ (ఎంత చదివిందో రాసుకునే ఫైలు) పేరు ఇవ్వడం, ఆ ఫైల్‌ని మూడో డిస్క్‌లో పెట్టడం అందుకే. కరెంటు వచ్చాక డిస్కుల పేర్లు ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అటూ ఇటూ మారిపోయి ఉండవచ్చు. సీరియల్ నంబర్‌తో సరిచూసుకుని, పేర్లు మారి ఉంటే సరిచేసి, అదే కమాండు మళ్ళీ ఇస్తే, చదివినదాన్ని వదిలేసి, ఆగిన చోటి నుంచే అందుకుంటుంది.